భూమి కింద సిగ్నల్ లేదని చెప్పాను

టొరంటోలో, మా ఎటోబికో వైపు మన తెలుగువాళ్ల పిక్నిక్ ఎప్పుడు జరిగినా, పులిహోర గిన్నె అడుగంటే వేళకి ఎవరో ఒకరు నా దగ్గరికి కుర్చీ జరుపుకుంటారు. “అంకుల్, ఆ రోమన్ స్టోరీ చెప్పండి” అంటారు. చెబుతాను. బార్సిలోనా నగరం కింద, రెండు వేల ఏళ్ల నాటి రోమన్ వీధుల్లో, కరెంటు పోయి నాలుగు గంటలు చిక్కుబడిపోయిన కథ. గోడలు తడుముకుంటూ, ఏడుస్తున్న ఇద్దరు జర్మన్ ముసలమ్మలను చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చిన కథ. ఒక్కోసారి జర్మన్లు ముగ్గురవుతారు. పోయినేడు వాళ్లలో ఒకావిడకి ఆస్తమా కూడా తెప్పించాను.

ఇప్పుడు మన సంఘం పిల్లలు మీరు సావనీర్ సంచికకి ఉద్యోగ జ్ఞాపకం ఒకటి రాసిమ్మన్నారు. నోటితో చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లు పెద్దవవుతుంటాయి, నాలుక ఆగదు. కాగితానికి కళ్లు లేవు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. జర్మన్లు లేరు. కరెంటు పోలేదు. నేను భూమి కింద ఉన్నది గంటన్నర. ఆ గంటన్నర మాత్రం నిజం. అందులో నా వల్ల ఒక అమ్మాయికి జరిగింది కూడా నిజం. దాని మీద కప్పడానికే ఇన్నేళ్లూ ఆ జర్మన్లను పోగుచేశాను.

నా ఉద్యోగం సంగతి కూడా సరిచేసుకోవాలి. ఊళ్లో చుట్టాలకి నేను కెనడాలో కాలేజీ రిజిస్ట్రార్‌నని చెప్పుకున్నాను. నేను రికార్డ్స్ ఆఫీసులో కోఆర్డినేటర్‌ని. కాలేజీ అంటే మీరు పచ్చిక బయళ్లూ రాతి మెట్లూ ఊహించుకోకండి. ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో, టైర్ల షాపుకీ పెళ్లిళ్ల హాలుకీ మధ్య ఉన్న భవనంలో రెండో అంతస్తు. విమానం తగ్గి వెళ్లినప్పుడల్లా లెక్చరర్లు మాట ఆపి, అది దాటాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. స్టూడెంట్లు వరదలా వచ్చిపడిన సంవత్సరాలవి. క్లాసులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, శని ఆదివారాలు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చుని అసైన్‌మెంట్లు టైపు చేసేవాళ్లు. ముప్పావు వంతు మన దేశపు పిల్లలే. కారిడార్‌లో నడిస్తే నాకు గుంటూరు బస్టాండులో ఉన్నట్టే ఉండేది.

అంతకుముందు నేను ఆంధ్రాలో ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. మా ఆవిడ నర్సు కావడంతో ఆవిడ వెనకాల ఈ దేశం వచ్చాను. పరీక్షల విభాగంలో నా పక్క సీటాయన ఒకసారి డ్రాయర్‌కి తాళం వెయ్యకుండా టీకి వెళ్లాడు. ఎవరో ఆయన రబ్బరు స్టాంపు తీసి దొంగ మార్కుల మెమోల మీద గుద్దేశారు. రిటైర్మెంటుకి ఏడు నెలల ముందు ఆయన్ని సస్పెండ్ చేశారు. ఆ రోజు నుంచి నా డ్రాయర్ తాళంచెవి నా జంధ్యానికి కట్టుకున్నాను. స్నానం చేసినా, నిద్రపోయినా, అది నా పొట్ట మీదే ఉండేది. కెనడా వచ్చాక తాళం మారింది, దేశం మారింది, అలవాటు మారలేదు.

ఇక్కడ స్టాంపు కాదు, సీలు. కాగితాన్ని దాని నోట్లో పెట్టి పిడి నొక్కితే కాలేజీ గుర్తు ఉబ్బెత్తుగా పడే చిన్న ఇనప మిషను. ఆ రోజుల్లో దొంగ లెటర్ల గొడవలు వినబడుతుండేవి. నేను డైరెక్టర్‌కి చెప్పి రూలు పెట్టించాను: సంతకం ఎవరు పెట్టినా సరే, సీలు పడందే ఏ లెటరూ గడప దాటకూడదు. సీలు నా డ్రాయర్‌లో. చెవి నా జంధ్యానికి. నిజం చెప్పొద్దూ, ఇరవై ఏళ్ల పిల్లలు నా బల్ల ముందు నిలబడి, నేను చొక్కా గుండీ విప్పి చెవి బయటికి తీసేదాకా కళ్లప్పగించి చూస్తుంటే నాకు మహా గొప్పగా ఉండేది. పూజారి గర్భగుడి తెరిచినట్టు తెరిచేవాణ్ణి.

నా పక్క బల్ల దగ్గర అనంతపురం ఆవిడ పనిచేసేది. మేడమ్ అనేవాళ్లం. నాకంటే పదిహేనేళ్లు చిన్న, నాకంటే పదిహేను రెట్లు పని. నేను లేనప్పుడు సంతకం పెట్టే అధికారం ఆవిడకుండేది. సీలు మాత్రం లేదు.

ఇక ఆ అమ్మాయి. నల్గొండ వైపు పిల్ల. పగలు క్లాసులు, సాయంత్రం ఒక బేకరీ ఫ్యాక్టరీలో ప్యాకింగ్. బ్యాగులోంచి ఎప్పుడూ వెనిల్లా వాసన వచ్చేది. మధ్యలో జబ్బు చేసి ఒక సబ్జెక్టు మిగిలిపోయింది. దానికోసం ఇంకో సెమిస్టర్ చదవాలి, అంటే స్టడీ పర్మిట్ ఎక్స్‌టెండ్ చేయించుకోవాలి, అంటే పర్మిట్ గడువులోపల అప్లై చెయ్యాలి, అంటే తను ఇంకా మా స్టూడెంటేనని మేం లెటర్ ఇవ్వాలి. ఒక్క కాగితం. ఐదు నిమిషాల పని.

ఫారం ఇచ్చి పదహారు రోజులు తిరిగింది. నేను నిజంగానే మునిగిపోయి ఉన్నాను, బల్ల మీద ఫారాలు నా గడ్డం దాకా ఉండేవి. పదహారో రోజు ఆ అమ్మాయి తిన్నగా డైరెక్టర్‌కి మెయిల్ పెట్టింది. ఆయన దాన్ని స్టాఫ్ మీటింగులో అందరి ముందూ పైకి చదివాడు. మర్యాదైన మెయిలే. ‘లెటర్ ఎప్పుడిస్తారో తేదీ చెప్పినా చాలు’ అని ఉంది చివర్లో. ఆ వాక్యం దగ్గర ఎవరో నవ్వారు.

మీటింగు నుంచి వచ్చి ఆ ఫారం వెతికి పట్టుకున్నాను. పిల్లలూ, వెతికి పట్టుకున్నది ఇవ్వడానికి కాదు. దొంతర అట్టడుగున పెట్టడానికి.

ఆ వారమే డైరెక్టర్ బార్సిలోనా ప్రయాణం. మాకు స్టూడెంట్లని పంపే ఏజెంట్లందరినీ ఒకచోట చేర్చి విందులిచ్చే సమావేశం. నేను అందులో ముఖ్య ఉపన్యాసం ఇచ్చానని మీలో చాలామందికి చెప్పాను. బ్రోషర్ల పెట్టె మోశాను. డైరెక్టర్ పెట్టె కూడా మోశాను.

బుధవారం సాయంత్రం ఫ్లైటు. మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది.

“సార్, శుక్రవారం నా పర్మిట్ అయిపోతది. ఇయ్యాల ఇస్తరా?”

“క్యూలో ఉన్నావమ్మా.”

“ఎంతమంది ఉన్నరు సార్ నా ముంగట?”

“అది లెక్కపెట్టడం నా పని కాదు. మెయిళ్లు రాయడానికి టైమున్నప్పుడు వెయిట్ చెయ్యడానికీ ఉండాలి కదా.”

ఆ అమ్మాయి నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. “తప్పయింది సార్” అంది. తప్పు తనది కాదని తనకీ తెలుసు, నాకూ తెలుసు. “మళ్లొస్త సార్.”

తను వెళ్లాక మేడమ్ కుర్చీ తిప్పింది. “సార్, ఆ చెవి ఇచ్చిపోండి సార్. సోమవారం దాకా మీరు లేరు కదా, నేను చూసుకుంటా.”

“ఇదేమన్నా స్టేప్లరా మేడమ్, చేతులు మార్చుకోడానికి?”

“అది కాదు సార్. ఆ పాప ఒక్కతిదీ అర్జెంటు.”

“అందరిదీ అర్జెంటే. ఈ ఆఫీసులో అర్జెంటు కానిదెవరిది, నాది తప్ప?”

నా జోకుకి నేనే నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చెవి నాతోపాటు అట్లాంటిక్ దాటింది. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో అది కూతపెడితే చొక్కా ఎత్తి చూపించాను. ఆ గార్డు నేనేదో పెద్ద ఖజానాకి కాపలాదారుణ్ణి అనుకున్నట్టు మొహం పెట్టాడు. నాకలా అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం సమావేశం ముగిసింది. నిర్వాహకులు మమ్మల్ని పాత నగరంలో భూమి కింద మ్యూజియం చూపించడానికి తీసుకెళ్లారు. లిఫ్టు ఎక్కాం. అందులో అంతస్తుల అంకెలు లేవు, సంవత్సరాలు వెనక్కి తిరుగుతున్నాయి. తలుపు తెరుచుకుంటే రోమన్ ఊరు.

దాని గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. నిజంగానే ఒళ్లు జలదరించింది. మీద నగరం నడుస్తోంది, కాఫీలు తాగుతోంది. కింద ఇంకో నగరం పడుకుని ఉంది. వీధి ఉంది, వీధి పక్కన మురుగుకాలువ ఉంది, బండి చక్రాల గాడి ఉంది. మేం గాజు పలకల మీంచి, ఇనప నడవల మీంచి నడుస్తుంటే కాళ్ల కింద గోడల మొదళ్లు. ఒకచోట బట్టలుతికే కర్మాగారం. గైడు ఒక పెద్దావిడ, తెల్లజుట్టు. వీధి మూలల్లో కుండలు పెట్టి మూత్రం పట్టేవాళ్లట, దానితో ఉతికేవాళ్లట. రెండు వేల ఏళ్ల కిందట ఆరిపోయిన దానికి మా డైరెక్టర్ జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకోచోట చేపల పులుసు తయారుచేసే తొట్లు. చేపల పేగులూ ఉప్పూ వేసి నెలల తరబడి ఎండలో మురగబెట్టేవాళ్లట. కాకినాడ రేవులో పుట్టినవాణ్ణి, ఆ తొట్లు చూడగానే నాకు వాసన కూడా తెలిసిపోయింది.

ఆ పక్కన గాజు పెట్టెలో ఒక ఇటుక. ఇటుక మీద ముద్ర. మూడు అక్షరాలు, చుట్టూ దీర్ఘచతురస్రం. బట్టీ యజమాని సీలు అని గైడు చెప్పింది.

నేను ఆగలేకపోయాను. డైరెక్టర్‌నీ ఏజెంట్లనీ చుట్టూ చేర్చుకున్నాను. “చూశారా! రెండు వేల ఏళ్లయినా సీలు చెరగలేదు. అందుకే మా ఆఫీసులో సీలు నా చేతుల్లోనే ఉంటుంది” అన్నాను. చొక్కా గుండీ విప్పి తాళంచెవి చూపించాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఇటుక పక్కన తాళంచెవి పట్టుకుని నిలబడితే ఒక ఏజెంటు నా ఫోన్‌తో ఫొటో తీశాడు. గైడు మాత్రం నవ్వలేదు. “ఆ ఇటుకని చేసిన మనిషి పేరు మాకు దొరకలేదండీ. అడుగున వేలిముద్రలు మాత్రం ఉన్నాయి” అని చెప్పి ముందుకి నడిచింది. అది నేను సరిగ్గా వినలేదు. ఫొటో బాగా వచ్చిందో లేదో చూసుకుంటున్నాను.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళితే తలుపు దగ్గర ఆ అమ్మాయి నిలబడి ఉంది.

జరిగింది ఇది. శుక్రవారం పొద్దున్నుంచి ఆఫీసులో కూర్చుంది. మేడమ్ లెటర్ ప్రింటు తీసింది, సంతకం పెట్టింది. సీలు లేదు. సీలు లేని లెటర్ ఇస్తే ఉద్యోగం పోతుందని రూలు రాసింది నేను. సాయంత్రం దాకా చూసి, ఆ అమ్మాయి లెటర్ బదులు ఫారం ఇచ్చిన రసీదు జతపెట్టి అప్లై చేసింది. ఆ అప్లికేషను అసంపూర్ణమని తర్వాత తిప్పికొట్టారు. శుక్రవారంతో పర్మిట్ పోయింది. పర్మిట్ లేకపోతే క్లాసుకి రాకూడదు, పనికి వెళ్లకూడదు.

నేను చెవి తీశాను, డ్రాయర్ తెరిచాను, సీలు గుద్దాను. పిడి మీద బరువంతా వేసి గట్టిగా గుద్దాను.

“మేడమ్ ఫోన్ చేసిందట్రా తల్లీ” అన్నాను. “ఏం చెయ్యను, భూమి కింద ఉన్నాను. సిగ్నల్ లేదు.”

“అవును సార్. మేడమ్ లోపలి రూమ్‌కు వొయ్యి చేసొచ్చింది. కలుస్తలేదన్నది.” లెటర్ తీసుకుని మడతపెట్టలేదు, అలాగే పట్టుకుంది. “గప్పుడే మీ వాట్సాప్ స్టేటస్‌ల ఫొటో వచ్చింది సార్. ఇటుక పక్కకు నిలవడ్డరు. మంచిగున్నదా సార్, ఆ ఊరు?”

వెటకారం కాదు. ఆ గొంతులో వెటకారం ఉన్నా బాగుండేది, నేను కసురుకుని ఉండేవాణ్ణి.

గడువు దాటినవాళ్లు స్టూడెంట్ స్టేటస్ తిరిగి ఇమ్మని ప్రభుత్వాన్ని అడగడానికి తొంభై రోజులుంటాయి. రిస్టొరేషన్ అంటారు. నేను దగ్గరుండి రాయించాను. నా జీవితంలో అంత మంచి ఇంగ్లీషు ఎప్పుడూ రాయలేదు. జవాబుకి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ఆ అమ్మాయి చదవకూడదు, పనిచెయ్యకూడదు. ఏం తిందో నేను అడగలేదు. మేడమ్ డబ్బాలు మోసుకెళ్లేదని తర్వాత తెలిసింది. చివరికి కాదన్నారు. రెండు వాక్యాల్లో.

వెళ్లిపోయే ముందు స్టూడెంట్ కార్డు ఇచ్చెయ్యడానికి వచ్చింది. బ్యాగులో వెనిల్లా వాసన లేదు. కార్డుతోపాటు నా లెటర్ కూడా బల్ల మీద పెట్టింది.

“ఇది ఉంచుకోండి సార్. సీలు మంచిగ పడ్డది.”

మేడమ్ లేచి ఆ అమ్మాయి వెనకాలే లిఫ్టు దాకా వెళ్లింది. తిరిగొచ్చి కూర్చుని, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు మామూలుగానే “కాఫీ తెచ్చేదా సార్” అంది. నేను దాన్ని క్షమాపణ దొరికినట్టు తీసుకున్నాను. ఆ వారాంతంలోనే ఒక బర్త్‌డే పార్టీలో నేను చెప్పిన కథలో మొదటిసారి కరెంటు పోయింది. జర్మన్లు ఆ తర్వాత వచ్చారు.

తర్వాత ప్రభుత్వం పర్మిట్ల సంఖ్యకి పరిమితి పెట్టింది. వరద తీసింది. మా కాలేజీలాంటివి ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాది కూడా. నేను అప్పటికే రిటైరయ్యాను. సామాను తీసేస్తున్నాం, మీ వస్తువులేమైనా ఉంటే తీసుకెళ్లమని మేడమ్ ఫోన్ చేస్తే వెళ్లాను. గదులన్నీ ఖాళీ. కార్పెట్ మీద బల్లల కాళ్ల గుంటలు, ఆ గుంటల వరసలు చూస్తే ఎవరు ఎక్కడ కూర్చునేవారో చెప్పొచ్చు. నాకు ఆ భూమి కింది ఊరు గుర్తొచ్చింది. ఇక్కడ గాజు పలకలు వెయ్యరు, అంతే తేడా.

నా బల్ల ఇంకా ఉంది. నేను అలవాటు కొద్దీ చొక్కా గుండీ మీద చెయ్యి వేశాను.

“అక్కర్లేదు లెండి సార్” అని మేడమ్ వంగి, డ్రాయర్ అడుగున చెయ్యి పెట్టి పైకి ఒక్క తోపు తోసింది. డ్రాయర్ జారి బయటికొచ్చింది. తాళం వేసింది వేసినట్టే ఉంది.

నేను తాళం నాలుకని వేలితో తడిమాను. “ఇది ఎప్పటినుంచి?”

“మొదట్నుంచీ సార్. నాలుకకి పట్టు లేదు. ఆఫీసులో అందరికీ తెలుసు.”

“అయితే ఆ రోజు...”

ఆవిడ సీలు తీసి, దుమ్ము తన చున్నీతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

“ఆ రోజు మీరు వద్దన్నారు కద సార్.”

అవును పిల్లలూ. ఫోన్ ఎత్తాను.

ఇటుక దగ్గర ఫొటో దిగి, దాన్ని స్టేటస్‌లో పెడుతుండగా మోగింది. భూమి కింద సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. మేడమ్ గొంతు పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా వినబడింది.

“సార్, ఆ పాప వచ్చి కూర్చుంది. లెటర్ రెడీ, సంతకం పెట్టేసినా. సీలు ఒక్కటే సార్. డ్రాయర్ తెరవమంటారా?”

“చెవి నా దగ్గరుంటే ఎలా తెరుస్తారు?”

“ఏదో ఒకటి చేస్తాం సార్. మీరు ఊ అనండి చాలు.”

చుట్టూ ఏజెంట్లు. డైరెక్టర్ నా వైపే చూస్తున్నాడు. స్టాఫ్ మీటింగులో నవ్విన ఆ నవ్వు నా చెవిలో ఉంది. ఊ అనడానికి నోరు తెరవక్కర్లేదు. పెదాలు మూసుకునే అనొచ్చు.

“వద్దు” అన్నాను. “సోమవారం నేనొస్తాను కదా. గడువు దాటితే తొంభై రోజులుంటాయని చెప్పండి. నేను మ్యూజియంలో ఉన్నాను.”

ఫోన్ కలవలేదని ఆవిడ ఆ అమ్మాయికి అబద్ధం చెప్పింది. నన్ను కాపాడటానికి కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఒక మనిషి తన గురించి విని కూడా వద్దన్నాడన్న సంగతి ఆ పిల్ల మోసుకెళ్లకుండా ఉండాలని.

తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. ఏటా జంధ్యాల పౌర్ణమికి పాత జంధ్యం తీసి కొత్తది వేసుకుంటాను, చెవిని దానికి మార్చి కడతాను. అది తెరిచే డ్రాయర్ ఏ చెత్తలో ఉందో తెలియదు. మీ వయసు పిల్లలు కొందరు ఇప్పుడు ఆఫీసుల్లో బల్లకి ఇవతలి వైపు కూర్చుంటున్నారు. మీకు నీతులు చెప్పే మొహం కాదు నాది. వచ్చే పిక్నిక్‌లో ఆ స్టోరీ అడగకండి, అంతే.

అడిగితే మళ్లీ కరెంటు తీసేస్తానేమోనని నాకే భయం. కరెంటు పోలేదు. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. నాకు అన్నీ కనబడుతూనే ఉన్నాయి.